ముప్పై ఏళ్ళ 'ఎ గూఫీ మూవీ': టీవీ బొమ్మల కథ వెండితెర మీదికి వచ్చినప్పుడు ఏమి మారింది?

1995 ఏప్రిల్ 7న అమెరికా థియేటర్లలో విడుదలైన డిస్నీ యానిమేషన్ చిత్రం 'ఎ గూఫీ మూవీ' గురించి మళ్ళీ చర్చ మొదలైంది. సరిగ్గా ముప్పై ఏళ్ళు నిండిన రోజున, అంటే 2025 ఏప్రిల్ 7న, ఆ చిత్రం తయారైన తీరుపై 'నాట్ జస్ట్ ఎ గూఫ్' అనే డాక్యుమెంటరీ డిస్నీ ప్లస్‌లో వచ్చింది. అప్పటినుంచి పాత వాదాలన్నీ మళ్ళీ బయటికి వచ్చాయి. ఆనాడు బోల్తాపడి తరువాత లేచి నిలబడ్డ చిత్రమని కొందరంటారు. పాత టీవీ కార్యక్రమాన్ని సాగదీసి సినిమా చేశారని మరికొందరంటారు. ఇది నల్లజాతి అమెరికన్లు తమదిగా భావించే చిత్రమని ఇంకొందరు గట్టిగా చెబుతారు. డిస్నీ తన ప్రధాన యానిమేషన్ చిత్రాల అధికారిక వరుసలో దీన్ని లెక్కించదు కాబట్టి, దీనికి ఆ ఇంట్లో ఏ స్థానం ఉందని అడిగేవారూ ఉన్నారు.

ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. చిక్కు విడదీయాలంటే ముందు ఒక చిన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి. పిల్లల టీవీ కార్యక్రమం ప్రతి ఎపిసోడ్ చివర తన పాత్రలను మొదలైన చోటికే తెచ్చి ఎందుకు వదులుతుంది? సినిమా ఆ పని చేయకపోతే ఏమవుతుంది? ఈ చిత్రం ఇంతకాలం నిలవడానికి కారణం నాకు ఆ తేడాలోనే కనిపిస్తుంది.

65 ఎపిసోడ్ల లెక్క

ఈ చిత్రానికి మూలం 1992లో మొదలైన 'గూఫ్ ట్రూప్' అనే యానిమేషన్ ధారావాహిక. డిస్నీ పాత కార్టూన్లలో తడబడుతూ నవ్వించే కుక్క పాత్ర గూఫీ. ఇందులో భార్య లేని ఆ గూఫీ తన కొడుకు మాక్స్‌తో స్పూనర్‌విల్ అనే ఊరికి వస్తాడు. పక్కింట్లో తన పాత స్నేహితుడు పీట్, అతని భార్య పెగ్, కొడుకు పీజే, చిన్నారి కూతురు పిస్టల్ ఉంటారు. అమాయకుడైన తండ్రి, చురుకైన కొడుకు, కుయుక్తుల పొరుగువాడు: ఈ మూడింటి మధ్య పుట్టే హాస్యమే ఆ ధారావాహిక.

అప్పట్లో డిస్నీ ఇలాంటి అరగంట కార్యక్రమాలు నాలుగింటిని కలిపి, పిల్లలు బడి నుంచి ఇంటికి వచ్చే వేళకు రెండు గంటలపాటు ప్రసారం చేసేది. దానికి 'డిస్నీ ఆఫ్టర్‌నూన్' అని పేరు. 1990ల్లో ఆదివారాలు దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన 'డక్ టేల్స్', 'టేల్ స్పిన్' చూసి పెరిగిన మన తరానికి ఈ కుటుంబం తెలిసినదే. ఆ రెండూ అమెరికాలో ఈ వరుసలో ప్రసారమైనవే.

ఇలాంటి కార్యక్రమాలకు తరచు 65 ఎపిసోడ్లు తయారు చేసేవారు. ఆ అంకె వెనుక ఉన్నది మామూలు గుణకారం. వారానికి ఐదు రోజుల చొప్పున పదమూడు వారాలకు 65. మూడు నెలలకు సరిపడా సరుకు చేతిలో ఉంటే, తరువాత దాన్నే మళ్ళీ మొదటినుంచి వేసుకోవచ్చు. స్థానిక టీవీ కేంద్రాలు హక్కులు కొనుక్కుని రోజూ ప్రసారం చేసే ఈ పద్ధతిని సిండికేషన్ అంటారు. 'గూఫ్ ట్రూప్' కూడా ఇలా 65 ఎపిసోడ్లు వచ్చింది. శనివారం ఉదయాల కోసం ఏబీసీ ఛానల్‌కు విడిగా చేసిన మరో 13తో కలిపి మొత్తం 78.

ఈ వ్యాపార పద్ధతికీ కథకూ నేరుగా సంబంధం ఉంది. పిల్లవాడు సోమవారం చూసి మంగళవారం చూడకపోవచ్చు. ఏడో ఎపిసోడ్ తరువాత నలభయ్యోది చూడవచ్చు. ఏది ఎప్పుడు చూసినా అర్థం కావాలంటే ఏ పాత్రా శాశ్వతంగా మారకూడదు. మాక్స్ ఈరోజు తండ్రిని చూసి సిగ్గుపడవచ్చు, అరగంట తీరేలోగా కౌగిలించుకోవాలి, రేపు మళ్ళీ కొత్తగా సిగ్గుపడాలి. రచయితలకు చేతకాక అలా రాయలేదు. ఆ రూపం కోరేది అదే.

సినిమాకు ఆ బలవంతం లేదు. ప్రేక్షకుడు ఒక్కసారి కూర్చుంటాడు, 78 నిమిషాల్లో కథ మొదలై ముగియాలి. పాత్ర చివర ఎక్కడుందో, మొదట కూడా అక్కడే ఉంటే టికెట్టు కొన్నవాడికి వెలితిగా అనిపిస్తుంది. టీవీ నుంచి వచ్చే సినిమాలు ఎక్కువగా ఇక్కడే ఒక పొరపాటు చేస్తాయి. పాత్రలను మార్చే ధైర్యం లేక ప్రమాదాన్ని పెద్దది చేస్తాయి. నిధి పెద్దదవుతుంది, దుష్టుడు బలవంతుడవుతాడు, మనుషులు మాత్రం అలాగే ఉంటారు. 'ఎ గూఫీ మూవీ' దీనికి ఎదురు నడిచింది. ఇందులో దుష్టుడు లేడు, లోకానికి వచ్చిన ముప్పు లేదు. ధారావాహిక రోజూ తుడిచేస్తూ వచ్చిన ఆ సిగ్గునే తీసుకుని, దాన్ని తుడవకుండా వదిలేస్తే తండ్రీకొడుకులకు ఏమవుతుందో చూసింది.

కథను రెండు కొలతలతో చూద్దాం

సినిమాలో మాక్స్ హైస్కూలు పిల్లవాడు. రోక్సాన్ అనే అమ్మాయి అంటే ఇష్టం, మాట్లాడాలంటే భయం. వేసవి సెలవులకు ముందు చివరి రోజున బడి సభలో ప్రిన్సిపాల్ ప్రసంగాన్ని అడ్డుకుని, పవర్‌లైన్ అనే పాప్ గాయకుడి వేషంలో నృత్యం చేస్తాడు. పిల్లలు కేరింతలు కొడతారు, రోక్సాన్ అతనితో విందుకు రావడానికి ఒప్పుకుంటుంది. కోపంతో ఉన్న ప్రిన్సిపాల్ గూఫీకి ఫోను చేసి, మీవాడి దారి చివరికి మరణశిక్ష వేసే ఎలక్ట్రిక్ కుర్చీకే అని భయపెడతాడు. హడలిపోయిన గూఫీ, తనను ఒకప్పుడు తన తండ్రి తీసుకెళ్ళిన దారిలోనే కొడుకును ఐడహో రాష్ట్రంలోని లేక్ డెస్టినీ అనే సరస్సుకు చేపల వేటకు బయలుదేరదీస్తాడు. విందుకు రాలేనని చెప్పడానికి మనసొప్పక మాక్స్ రోక్సాన్‌కు ఒక అబద్ధం చెబుతాడు: తన తండ్రికి పవర్‌లైన్ పాత స్నేహితుడని, లాస్ ఏంజిలిస్ కచేరీలో తాను వేదికపై కనిపిస్తానని.

ఇక్కడ ఆగి, ఇదే కథను 22 నిమిషాల ఎపిసోడ్‌గా ఊహించుకుందాం. ప్రకటనల సమయం తీసేస్తే అరగంట కార్యక్రమంలో మిగిలేది దాదాపు అంతే. మాక్స్ అబద్ధం చెబుతాడు. దాన్ని నిలబెట్టుకోవడానికి నానా తంటాలు పడతాడు. గూఫీ తెలియకుండానే పనులన్నీ చెడగొడతాడు, తెలియకుండానే చక్కదిద్దుతాడు. అబద్ధం బయటపడుతుంది, మాక్స్ క్షమాపణ అడుగుతాడు, అందరూ నవ్వుతారు. ఇందులో గూఫీకి నొప్పి తెలియదు. తెలిస్తే రేపటి ఎపిసోడ్‌లో అతను పాత గూఫీలా ఉండలేడు.

సినిమాలో ఏమి జరిగిందో చూడండి. దారిలో బిగ్‌ఫుట్ అనే అడవి జీవికి భయపడి తండ్రీకొడుకులు రాత్రి కారులో చిక్కుకుపోతారు. గూఫీ కారులోని సిగరెట్ లైటర్‌తో డబ్బా సూపు వేడిచేస్తాడు. అక్షరాల ఆకారంలో పాస్తా ఉండే సూపు అది. చిన్నప్పుడు మాక్స్ ఆ అక్షరాలతో తనకు పలకరింపులు పేర్చేవాడని గుర్తుచేసుకుంటాడు. మాక్స్ తన గిన్నెలో 'హాయ్ డాడ్' అని పేర్చి చూపిస్తాడు. టీవీ ఎపిసోడ్ అయితే కథ ఇక్కడ సుఖాంతమై ఆగిపోతుంది.

సినిమా ఆగదు. అదే రాత్రి, తండ్రి నిద్రపోయాక, మాక్స్ పటం తీసి దారిని లాస్ ఏంజిలిస్ వైపుకు దిద్దుతాడు. ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టడంలో ఉన్న సాహసం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ప్రేమ లేక చేసిన మోసమైతే మనం మాక్స్‌ను సులభంగా తప్పుపట్టేవాళ్ళం. ప్రేమ నిండిన రాత్రే ఆ పని చేశాడు. మరునాడు గూఫీ అదే పటాన్ని పూర్తి నమ్మకంతో కొడుకు చేతికిచ్చి, ఇకనుంచి దారి చూపే బాధ్యత నీదే అంటాడు.

తరువాత పీట్ ద్వారా గూఫీకి నిజం తెలుస్తుంది. మొదట నమ్మడు. రాత్రివేళ వెళ్ళి పటం చూసుకుంటాడు. మరుసటి రోజు దారి రెండుగా చీలిన చోట, ఒకవైపు ఐడహో, మరొకవైపు లాస్ ఏంజిలిస్ ఉన్న కాలిఫోర్నియా, ఎటు వెళ్ళాలో కొడుకునే అడుగుతాడు. మాక్స్ చెప్పే జవాబు కోసం ఎదురుచూసే ఆ కొద్ది క్షణాల్లో గూఫీ ముఖం చూస్తే, 1932 నుంచి తెర మీద జారిపడుతూ వచ్చిన పాత్ర ఇదేనా అనిపిస్తుంది. మాక్స్ కాలిఫోర్నియా వైపే చూపిస్తాడు. ధారావాహిక 78 ఎపిసోడ్లలో దాటని గీతను సినిమా ఇక్కడ దాటింది.

పాట వచ్చినప్పుడల్లా గొంతు ఎవరిది?

ఇది సంగీత చిత్రం. అంటే పాటలున్న చిత్రమని మాత్రమే అర్థం చేసుకుంటే సరిపోదు. మన తెలుగు సినిమాల్లో పాటలు ఎప్పుడూ ఉన్నాయి. వాటిలో కొన్నింటిని తీసేసినా కథ అర్థమవుతుంది, కొన్నింటిని తీస్తే కథే తెగిపోతుంది. అమెరికన్ రంగస్థల సంప్రదాయంలో 'మ్యూజికల్' అనిపించుకోవాలంటే పాటలు ఎక్కువగా రెండో రకానివై ఉండాలి. మాటలతో చెప్పలేని స్థితికి పాత్ర చేరినప్పుడు పాట మొదలవుతుంది, పాట ముగిసేసరికి కథ ఒక అడుగు ముందుకు పడి ఉంటుంది.

ఈ చిత్రంలో పాటలు రెండు తెగలు. మొదటి తెగ పాత్రల మనసులోంచి వచ్చేవి. 'ఆఫ్టర్ టుడే', 'ఆన్ ది ఓపెన్ రోడ్', 'నోబడీ ఎల్స్ బట్ యూ' ఇలాంటివి. వీటిని టామ్ స్నో, జాక్ ఫెల్డ్‌మన్ రాశారు. రెండో తెగ కథాలోకంలో నిజంగా వినిపించే పాటలు. పవర్‌లైన్ పాడే 'స్టాండ్ అవుట్', 'ఐ టు ఐ' ఈ కోవలోవి. వీటిని పాట్రిక్ డిరేమర్, రాయ్ ఫ్రీలాండ్ రాయగా, ఆనాటి యువ ఆర్ అండ్ బీ (నల్లజాతి అమెరికన్ల నుంచి పుట్టిన పాప్ సంగీత శైలి) గాయకుడు టెవిన్ క్యాంప్‌బెల్ పాడాడు. రెండు తెగలకు వేర్వేరు రచయితలను పెట్టడం వల్ల వాటి రుచి కూడా వేరుగా వచ్చింది. ఒకటి నాటకశాల నుంచి వచ్చినట్టు, మరొకటి 1990ల తొలినాళ్ళ రేడియో నుంచి వచ్చినట్టు వినిపిస్తాయి.

ఇప్పుడు ఒక్కో పాటలో మాక్స్ గొంతు ఎక్కడుందో వెతుకుదాం. మాక్స్ మాటలు జేసన్ మార్స్‌డెన్‌వి, పాటలు ఆరన్ లోర్‌వి. 'ఆఫ్టర్ టుడే' కథ మొదట్లో వచ్చే పాట. కథానాయకుడు తనకేమి కావాలో ప్రేక్షకుడికి చెప్పుకునే ఇలాంటి పాట లేని అమెరికన్ మ్యూజికల్ అరుదు. ఇక్కడ మాక్స్ సొంత గొంతుతో పాడతాడు. ఈరోజు గడిస్తే తనను అందరూ గుర్తిస్తారని ఆశ.

ఆ గుర్తింపు వచ్చే పాట 'స్టాండ్ అవుట్'. అందులో మాక్స్ పాడడు. పవర్‌లైన్ గొంతుకు పెదవులు కలుపుతాడు, పవర్‌లైన్ దుస్తులు వేసుకుంటాడు. తానుగా కనబడాలన్న కోరికను మరొకరి గొంతుతో తీర్చుకున్నాడన్నమాట. తరువాత చెప్పబోయే అబద్ధానికి బీజం ఆ వేదిక మీదే పడింది.

'ఆన్ ది ఓపెన్ రోడ్' ప్రయాణం పాట. గూఫీతోపాటు రోడ్డు మీద ఎదురైన వారందరూ ఉత్సాహంగా గొంతు కలుపుతుంటే, మాక్స్ పంక్తులు ఆ వరుసలోనే ఎదురు తిరుగుతాయి. బాణీ ఒకటే, మనసులు రెండు. మన యుగళగీతాల్లో ఇద్దరి భావమూ సాధారణంగా ఒకే దిక్కుకు పోతుంది. ఇక్కడ ఒకే పల్లవిలో ఒకరి సంబరం, మరొకరి అయిష్టం పక్కపక్కనే నడుస్తాయి.

నిజమైన యుగళగీతం 'నోబడీ ఎల్స్ బట్ యూ'. కాలిఫోర్నియా మలుపు తరువాత తండ్రీకొడుకులు గొడవపడుతుండగా కారు వాలులోకి జారి నదిలో పడుతుంది. తేలుతున్న కారు పైకప్పు మీద నిలబడి ఇద్దరూ మనసులో ఉన్నదంతా అరిచి చెప్పుకుంటారు. తనకంటూ ఒక జీవితం ఉందని కొడుకు అంటాడు. అది తనకు తెలుసని, అందులో తనకూ కొంచెం చోటుంటే చాలని తండ్రి అంటాడు. ఆ తరువాతే పాట. ఒకరి లోపాలు ఒకరు పాడుకుంటూ దగ్గరవుతారు. మాక్స్ మళ్ళీ సొంత గొంతుతో, ఈసారి మనస్ఫూర్తిగా పాడేది ఇక్కడే, తండ్రి పక్కన. చివరి కచేరీలో 'ఐ టు ఐ' పాడేది పవర్‌లైన్, మాక్స్ నృత్యం మాత్రమే చేస్తాడు. ఆ పాట ఎంత హుషారుగా ఉన్నా కథకు ముగింపు నది మీదే పడిపోయిందని నేను అనుకుంటాను. కచేరీ ఆ రాజీకి జరిగిన ఉత్సవం.

గూఫీ నేర్పే 'పర్‌ఫెక్ట్ కాస్ట్' సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గాలం విసరడంలో వారి వంశంలో తరతరాలుగా వస్తున్న ఒక పద్ధతి అది, చూడటానికి వింత నృత్యంలా ఉంటుంది. మొదట నవ్వించడానికి వస్తుంది. జలపాతం దగ్గర మాక్స్ దానితోనే తండ్రి ప్రాణం కాపాడతాడు. కచేరీలో అదే నృత్యమై, పవర్‌లైన్ కూడా దాన్ని అందుకుంటాడు. ఏ విద్యను చూసి మాక్స్ తలదించుకున్నాడో, ఆ విద్యతోనే వేదిక మీద తలెత్తుకుంటాడు. హాస్యంగా నాటిన విత్తును రెండుసార్లు కోసుకున్న ఈ నేర్పు చాలా పెద్ద చిత్రాల్లో కూడా కనిపించదు.

ఒకే సంస్థ, రెండు కొలువులు

ఈ చిత్రం అధికారిక వరుసలో ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు తయారీలో ఉంది. ఆనాటి డిస్నీలో యానిమేషన్ రెండు వేర్వేరు విభాగాల్లో జరిగేది. ఒకటి 1937 నుంచి పెద్ద చిత్రాలు తీస్తున్న ప్రధాన విభాగం. 'ది లయన్ కింగ్' దాని 32వ చిత్రం, 'పోకహాంటస్' 33వది. రెండోది 1984లో మొదలైన టెలివిజన్ యానిమేషన్ విభాగం. ఈ రెండో విభాగం ధారావాహికల నుంచి థియేటర్ చిత్రాలు తీయడానికి 'డిస్నీ మూవీటూన్స్' అనే పేరు పెట్టుకుంది. 1990లో వచ్చిన 'డక్ టేల్స్' సినిమా దాని మొదటి ప్రయత్నం. 'ఎ గూఫీ మూవీ' ఆ కోవలోది కాబట్టి ఆ వరుసలో స్థానానికి అసలు పోటీలోనే లేదు. ఆ వరుస నాణ్యత పట్టిక కాదు, ఏ విభాగం తీసిందో చెప్పే జాబితా.

బొమ్మల పని ఎక్కువ భాగం అమెరికా బయట జరిగింది. 1980ల చివర్లో డిస్నీ పారిస్‌లో బ్రిజ్జీ సోదరుల స్టూడియోను, సిడ్నీలో మరో స్టూడియోను తన చేతిలోకి తీసుకుంది. ఈ చిత్రానికి ప్రధాన భారం పారిస్ బృందం మోసింది. ఆ బృందం తరువాత ప్రధాన విభాగపు 'ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోట్రడామ్'లో కూడా పనిచేసింది. అందువల్ల టీవీ స్థాయి పని అని దీన్ని కొట్టిపారేయడం కష్టం. వెలుగునీడల పని, ముఖాల్లో సన్నని భావాల మార్పు 'గూఫ్ ట్రూప్' ఎపిసోడ్లలో కనిపించేదానికన్నా ఎంతో మెరుగు. ప్రధాన విభాగపు చిత్రాల నిండుదనం దీనికి లేదన్నది కూడా నిజమే. గుంపులుండే దృశ్యాల్లో ఆ పొదుపు కనబడుతుంది.

దర్శకుడు కెవిన్ లీమాకు ఇది మొదటి చిత్రం. తరువాత ఆయన 'టార్జాన్'కు సహదర్శకుడయ్యారు, 'ఎన్‌చాంటెడ్' తీశారు. చిత్రానికి అండగా నిలిచిన స్టూడియో అధిపతి జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ 1994లో సంస్థను వదిలి వెళ్ళారు. గూఫీకి 1987 నుంచి గొంతునిస్తున్న బిల్ ఫార్మర్ చెప్పిన ఒక సంగతి ఈ సందర్భంలో విలువైనది. కాట్జెన్‌బర్గ్ మొదట గూఫీ మామూలు మనిషిలా మాట్లాడాలని కోరారట. అలా కొంత రికార్డు కూడా చేశాక, ఆ ఆలోచన విరమించి పాత గొంతుకే వచ్చారు. మనసును కదిలించాలంటే పాత్ర విడ్డూరంగా ఉండకూడదన్న భయం ఆ కోరిక వెనుక ఉండి ఉంటుంది. చివరికి ఆ విడ్డూరపు గొంతే బాధపడటం వల్ల బాధ రెట్టింపైంది.

పీట్ పెంపకమా, గూఫీ పెంపకమా?

సినిమాలో పిల్లల పెంపకంపై రెండు వాదాలు ఢీకొంటాయి. పిల్లవాణ్ణి బొటనవేలి కింద నొక్కిపెట్టాలని పీట్ నమ్మకం. తన కొడుకు తనను గౌరవిస్తాడని అతని గర్వం. తన కొడుకు తనను ప్రేమిస్తాడని గూఫీ జవాబు. భయభక్తుల మాట వింటూ పెరిగిన మన ఇళ్ళలో ఈ వాదానికి వివరణ అక్కరలేదు.

సినిమా పీట్ వైపు లేదన్నది స్పష్టం. పీజే తండ్రి ముందు ముడుచుకుపోయి ఉంటాడు. కానీ గూఫీని కూడా నిర్దోషిగా చూపలేదు. అతను కొడుకును అడగకుండా బయలుదేరదీశాడు. దారిలో ఆగిన పాసమ్ పార్క్ అనే పిల్లల వినోదశాలలో మాక్స్ ఎంత ఇబ్బంది పడుతున్నాడో గమనించకుండా తన ఆనందంలో మునిగిపోయాడు. ప్రేమ పేరుతో చేసినా అది కూడా ఒక బలవంతమే. పైగా వాస్తవం చెప్పింది పీటే. కొడుకు పటం మార్చాడన్న అతని మాట నిజమని తేలింది.

తల్లిదండ్రులైన ప్రేక్షకుల్లో కొందరు సినిమా మాక్స్‌ను తేలికగా వదిలేసిందని అంటారు. అన్ని అబద్ధాల తరువాత కచేరీ వేదిక బహుమతిగా దొరికిందే అని వారి అభ్యంతరం. అది తీసిపారేయదగినది కాదు. అయితే కచేరీ తరువాత మాక్స్ రోక్సాన్ ఇంటికి వెళ్ళి, తాను చెప్పిందంతా అబద్ధమని ఒప్పుకుంటాడు. అప్పటికి అందరూ అతన్ని టీవీలో పవర్‌లైన్ పక్కన చూసేశారు. నోరు మూసుకుంటే అబద్ధం శాశ్వతంగా నిజమైపోయేది. ఎవరూ అడగని సమయంలో నిజం చెప్పాడు. శిక్ష కన్నా ఇది బరువైనదని నా అభిప్రాయం. తనకు అతని మీద ఇష్టం కలిగింది ఆ వింత నవ్వు విన్నప్పుడేనని రోక్సాన్ చెబుతుంది. అచ్చం తండ్రి నవ్వు అది. మాక్స్ మొదటినుంచి దాచుకోవాలని చూసింది దాన్నే.

పరాజయమని ఎవరితో పోల్చి అన్నారు?

లెక్కలు చూద్దాం. అమెరికా, కెనడా థియేటర్లలో ఈ చిత్రం సుమారు 3.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అదే ఏడాది జూన్‌లో వచ్చిన 'పోకహాంటస్' అక్కడ 14 కోట్ల పైచిలుకు తెచ్చింది. దానితో పోలిస్తే ఇది నాలుగోవంతు. అంతకు ముందు ఏడాది 'ది లయన్ కింగ్' మొదటి విడుదలలోనే 30 కోట్లు దాటింది కాబట్టి దాని పక్కన పెడితే ఇంకా చిన్నదైపోతుంది.

ఇప్పుడు మరో కొలబద్ద తీసుకుందాం. ఇదే విభాగం 1990లో విడుదల చేసిన 'డక్ టేల్స్' సినిమా వసూలు సుమారు 1.8 కోట్లు. దాని పక్కన 'ఎ గూఫీ మూవీ' దాదాపు రెట్టింపు. అంకె మారలేదు, పక్కన నిలబెట్టిన చిత్రం మారింది. టీవీ విభాగం నుంచి, విదేశీ స్టూడియోల సాయంతో వచ్చిన చిత్రంగా చూస్తే ఇది ఓ మాదిరి విజయం. వరుసగా చరిత్ర సృష్టిస్తున్న సంస్థ చిత్రంగా చూస్తే నిరుత్సాహం. పరాజయం అనే మాట రెండో చూపు నుంచి పుట్టింది.

తరువాతి జీవితం ఇళ్ళలో గడిచింది. థియేటర్‌కు వెళ్ళని పిల్లలు వీడియో క్యాసెట్లలో, డిస్నీ ఛానల్ పునఃప్రసారాల్లో దీన్ని పదేపదే చూశారు. 2015లో అనహైమ్‌లో డిస్నీ నిర్వహించిన డీ23 అభిమానుల సమావేశంలో ఇరవై ఏళ్ళ వేడుక జరిగింది, టెవిన్ క్యాంప్‌బెల్ పవర్‌లైన్ పాటలు పాడాడు. బాల్యంలో మాక్స్ వైపున్నవారు ఇప్పుడు గూఫీ వయసుకు వచ్చారు. మొదటిసారి చూసినప్పుడు రోడ్డు చీలిన చోట మాక్స్ దొరికిపోతాడేమోనని భయపడినవారికి, ఇప్పుడు అదే చోట గూఫీ కోసం గొంతు పూడుకుపోతుంది.

నల్లజాతి ప్రేక్షకుల సొంతమైన చిత్రం

అమెరికాలో ఈ చిత్రం గురించి జరిగే చర్చలో ఇది కీలకం. అక్కడి నల్లజాతి ప్రేక్షకుల్లో చాలామంది దీన్ని తమ చిత్రంగా చూస్తారు. పవర్‌లైన్ నల్లజాతి పాప్ తారల నమూనాలో రూపొందిన పాత్ర, పాడింది నల్లజాతి గాయకుడు, పాటలు ఆనాటి ఆర్ అండ్ బీ శైలిలో ఉన్నాయి. ఒంటరిగా కొడుకును పెంచుతూ, దుకాణంలో పిల్లల ఫొటోలు తీసి బతికే తండ్రి. ఆ తండ్రికి, చిన్న అల్లరికే పిల్లవాడు నేరస్థుడవుతాడని బడి నుంచి ఫోను వస్తుంది. ఆ ఫోను అక్కడి నల్లజాతి కుటుంబాల్లో ఎంతటి జ్ఞాపకాలను కదిలిస్తుందో ఊహించవచ్చు. 2022లో నల్లజాతి నటుడు, గాయకుడు డోనల్డ్ గ్లోవర్ ధారావాహిక 'అట్లాంటా' ఈ భావన మీద ఒక ఎపిసోడ్ మొత్తం నడిపింది. అనుకోకుండా డిస్నీ అధిపతి అయిన ఒక నల్లజాతి యానిమేటర్ ఈ చిత్రాన్ని తీసినట్టు అల్లిన కల్పిత డాక్యుమెంటరీ అది.

కల్పితమన్న మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. అసలు దర్శకుడు కెవిన్ లీమా, అసలు కథకు దారితీసిన వాటిలో కాట్జెన్‌బర్గ్ తన కూతురితో చేసిన కారు ప్రయాణం ఒకటి. దీన్ని పట్టుకుని, ఆ వ్యాఖ్యానం ఆధారం లేనిదని కొందరు వాదిస్తారు. పైగా గూఫీ పల్లెటూరి యాసతో పుట్టిన పాత పాత్ర అని గుర్తుచేస్తారు. నా మాట ఏమిటంటే, తీసినవారి ఉద్దేశం ఒక ప్రశ్న, చూసినవారు అందులో ఏమి దొరకబుచ్చుకున్నారన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు రెండోదాన్ని కొట్టివేయదు. పిల్లల కార్టూన్లలో తమ సంగీతాన్ని, తమ తారను ఇంత గౌరవంగా చూపిన చిత్రం ఆ తరానికి అరుదుగా దొరికింది. పవర్‌లైన్‌ను ఇక్కడ ఎవరూ ఎగతాళి చేయరు. కథ మొత్తం అతని వేదికను చేరాలనే నడుస్తుంది.

కలవని అతుకులు

ధారావాహికను, సినిమాను వరుసగా చూసేవారికి కొన్ని ప్రశ్నలు మిగులుతాయి. పెగ్, పిస్టల్ సినిమాలో ఎక్కడున్నారు? జవాబు లేదు. ధారావాహికలో మాక్స్‌కు గొంతునిచ్చింది డేనా హిల్, సినిమాలో గొంతు మారింది. వయసు పెరిగింది కాబట్టి అది సహజంగానే తోస్తుంది. మాక్స్ తల్లి ఏమైందో ఈ చిత్రం చెప్పదు. ఆ మౌనం లోపమని కొందరంటారు. తల్లి గురించి ఒక్క దృశ్యం పెట్టినా కథ బరువంతా అటు ఒరిగిపోయేదని, కొడుకు దూరమైతే తనకెవరూ మిగలరన్న గూఫీ భయం చెప్పకుండానే తెలియడానికి ఆ ఖాళీ పనికొచ్చిందని నాకనిపిస్తుంది.

2000లో నేరుగా వీడియోకు వచ్చిన 'యాన్ ఎక్స్‌ట్రీమ్లీ గూఫీ మూవీ'లో మాక్స్ కాలేజీకి వెళతాడు. కొడుకు మీద బెంగతో ఉద్యోగం పోగొట్టుకున్న గూఫీ, డిగ్రీ కోసం అదే కాలేజీలో చేరతాడు. కాలం ముందుకే నడిచింది, ధారావాహిక పద్ధతికి తిరిగి వెళ్ళలేదు. కానీ రోక్సాన్ అందులో లేదు, ఆమె పేరు కూడా ఎవరూ తలచుకోరు. అభిమానులు ఇప్పటికీ దీని గురించి వాదించుకుంటూనే ఉన్నారు. మొదటి సినిమా పెగ్‌ను, పిస్టల్‌ను ఎలా వదిలేసిందో, రెండోది రోక్సాన్‌ను అలాగే వదిలేసింది.